విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఫార్మసీలో ఫ్లూ టీకా ఎలా వేయించాలి?

కోనసీమ_డాలస్ | ప్లానో, టెక్సస్ | సెప్టెంబర్ 19

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు అమలాపురం నుంచి ఆగస్టు చివర్లో వచ్చారు, ఫిబ్రవరి దాకా ఉంటారు. నాన్నకు 72 ఏళ్ళు, బీపీ ఉంది. స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకుంటారు. అమ్మకు 67, షుగర్ ఉంది. నాకూ మా ఆవిడకూ పిల్లాడికీ ఏటా ఆఫీసు ఇన్సూరెన్స్ మీద ఇంటి పక్కన ఉన్న ఫార్మసీలోనే ఫ్లూ షాట్ అయిపోతుంది, పైసా కట్టక్కర్లేదు. వీళ్ళకు ఉన్నది విజిటర్ ఇన్సూరెన్స్. టీకాలు కవర్ కావని పాలసీ కాగితంలోనే రాసి ఉంది.

ఇక్కడి ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఫార్మసీలో వేస్తారా? చేతి డబ్బు పెట్టుకుంటే ఎంతవుతుంది? నాన్న వేసుకునే మాత్రతో ఏమైనా ఇబ్బందా? పెద్దవాళ్ళకు వేరే రకం టీకా ఉంటుందంటున్నారు, అదే వేయించాలా?

పోయిన జనవరిలో మా అపార్ట్‌మెంట్‌లో ఒకరి మామగారికి ఫ్లూ వచ్చి నిమోనియాలోకి దిగింది, ఆసుపత్రిలో చేర్చారు. బిల్లు సంగతి అటుంచండి, ఆ పెద్దాయన మళ్ళీ మామూలుగా నడవడానికి ఎన్నాళ్ళు పట్టిందో కళ్ళారా చూశాను. అప్పటి నుంచి నాకు ఇదే టెన్షన్.


ఓరుగల్లు_బిడ్డ | అట్లాంటా | సెప్టెంబర్ 19

అన్నా, భయపడకు. పోయినేడు మా అత్తమ్మ, మామయ్య ఇద్దరికీ ఫార్మసీలోనే వేయించినం. పాస్‌పోర్ట్ చూపిస్తే సరిపోయింది, అది కూడా పేరు, పుట్టిన తేదీ ఎక్కించుకోవడానికే. వీసా గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర "లేదు" అని పెట్టి, అక్కడికి పోయినంక కార్డుతో కట్టినం. పెద్దవాళ్ళ డోసు ఒక్కొక్కరికి 90 డాలర్ల పైన పడ్డది. మామూలు డోసు అయితే అంతకన్నా తక్కువే.

ఒక్క సంగతి మాత్రం యాది పెట్టుకో. సూది వేసేది జబ్బకు. అమ్మ చీర మీద వస్తే జాకెట్ చేతులు బిగుతుగా ఉంటయ్, పైకి జరగవు. మా అత్తమ్మకు అదే ఇబ్బంది అయింది. వేసేది మగ ఫార్మసిస్టు, పక్కన లైన్లో జనం. వాళ్ళనే అడిగితే తెర చాటుకు తీసుకపోయి ఒక అమ్మాయితో వేయించిన్రు. వదులు చేతుల చుడీదార్ వేసుకొని రమ్మను, అంతే.


భీమవరం_ఫార్మసిస్టు | ఎడిసన్, న్యూజెర్సీ | సెప్టెంబర్ 20

నేను ఫార్మసీ కౌంటర్ వెనక నిలబడే మనిషిని. సెప్టెంబర్ వచ్చిందంటే మాకు సగం పని టీకాలే. మీరు అడిగినవన్నీ రోజూ మా దగ్గర వినిపించే ప్రశ్నలే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పౌరసత్వం, వీసా మాకు అనవసరం. పేరు, పుట్టిన తేదీ, ఇక్కడి చిరునామా, ఫోన్ నంబరు చాలు. మీ చిరునామా, మీ నంబరే ఇవ్వండి. సోషల్ సెక్యూరిటీ నంబరు గడి ఖాళీగా వదిలేయొచ్చు.

65 దాటినవాళ్ళ కోసం మూడు రకాలు ఉన్నాయి: ఫ్లూజోన్ హై డోస్, ఫ్లూయాడ్, ఫ్లూబ్లాక్. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల యాంటిజెన్ (ఒంట్లో రక్షణను మేల్కొలిపే పదార్థం) ఉంటే హై డోస్‌లో 60 ఉంటుంది, అంటే నాలుగింతలు. ఫ్లూయాడ్‌లో రోగనిరోధక స్పందనను పెంచే పదార్థం కలుపుతారు. ఫ్లూబ్లాక్‌ను గుడ్లు వాడకుండా తయారు చేస్తారు. వయసు మీద పడ్డాక మామూలు డోసుకు ఒంట్లో స్పందన తక్కువగా వస్తుంది, అందుకే ఇవి. ఈ మూడింటిలో ఏదో ఒకటి వేయమని 2022 నుంచి సీడీసీ (అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ) చెబుతోంది. మూడింటిలో ఫలానాదే మేలని చెప్పలేదు. కాబట్టి ఏది దొరికితే అది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. హై డోస్ స్టాక్ లేదంటే "సరే, వచ్చే వారం వస్తాం" అని వెళ్ళి, మళ్ళీ రారు. ముందుగా ఫోన్ చేసి "65 దాటినవాళ్ళ డోసు ఉందా" అని అడిగి బయల్దేరండి. చుట్టుపక్కల ఎక్కడా లేకపోతే మామూలు డోసే వేయించేయండి. ఏదీ లేకుండా డిసెంబర్‌లోకి అడుగుపెట్టడం కన్నా అది ఎంతో మేలు.

నాన్నగారి మాత్ర గురించి: అది ఆపకూడదు, ఆపాల్సిన పనీ లేదు. కాకపోతే సూది వేసేవాళ్ళకు ముందే చెప్పండి. సన్నటి సూది వాడి, తీశాక రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటారు. రుద్దకూడదు. రుద్దితే లోపల రక్తం గడ్డకట్టి నల్లగా కమిలిపోతుంది. మనవాళ్ళకు సూది తీయగానే దూదితో రుద్దే అలవాటు ఉంది, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఒక ఫారం ఇస్తారు. ఈరోజు ఒంట్లో బాగోలేదా, గతంలో టీకా వేసుకున్నప్పుడు తీవ్రమైన అలర్జీ వచ్చిందా, గులియన్ బారే సిండ్రోమ్ ఎప్పుడైనా వచ్చిందా, ఇలాంటివి ఉంటాయి. అన్నిటికీ గబగబా "కాదు" అని టిక్ పెట్టేయకుండా ఒక్కొక్కటీ తెలుగులో అడిగి నింపండి. ఆ సిండ్రోమ్ పేరు పెద్దవాళ్ళకు తెలియదు. "ఎప్పుడైనా ఉన్నట్టుండి కాళ్ళూ చేతులూ చచ్చుబడి ఆసుపత్రిలో ఉన్నారా" అని అడగండి. కోడిగుడ్డు పడకపోయినా ఇప్పుడు ఇబ్బంది లేదు, ఆ జాగ్రత్తలు 2023-24 సీజన్ నుంచి తీసేశారు. జలుబు కాస్త ఉన్నా వేస్తాం. జ్వరంతో నీరసంగా ఉంటే మాత్రం తగ్గాక రండి.

డబ్బు గురించి: రేటు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కిరాణా స్టోర్లలో, హోల్‌సేల్ క్లబ్బుల్లో ఉండే ఫార్మసీలకూ ఫోన్ చేసి కనుక్కోండి. డిస్కౌంట్ కూపన్లు ఫ్లూ షాట్‌కూ పనిచేస్తాయి. కౌంటీ ఆరోగ్య శాఖ వాళ్ళు తక్కువ ధరకు వేసే క్యాంపులు కూడా పెడుతుంటారు.


కోనసీమ_డాలస్ | ప్లానో | సెప్టెంబర్ 20

చాలా చాలా థాంక్స్ అండీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకొక్కటి. అమ్మ దసరా నవరాత్రులు ఒంటిపూట ఉంటుంది. అవి అయ్యాక వేయించాలా, ఇప్పుడే వేయించొచ్చా?


భీమవరం_ఫార్మసిస్టు | ఎడిసన్ | సెప్టెంబర్ 20

ఇప్పుడే వేయించొచ్చు. కానీ ఖాళీ కడుపుతో తీసుకురాకండి. అసలే షుగర్ మనిషి. సూది చూసి కళ్ళు తిరిగి పడేవాళ్ళలో ఎక్కువమంది ఏమీ తినకుండా వచ్చినవాళ్ళే. ఆమె భోజనం చేసే పూట చూసుకుని, తిన్నాక రండి. వేయించుకున్నాక 15 నిమిషాలు అక్కడే కుర్చీలో కూర్చోబెట్టండి.

రోజులు లెక్క చూసుకోండి. టీకా పనిచేయడం మొదలవడానికి రెండు వారాలు పడుతుంది. ఈసారి, అంటే 2025లో, దీపావళి అక్టోబర్ 20న. ఆ వారాంతం ఎన్ని ఇళ్ళకు భోజనాలకు వెళ్తారో మీకే తెలుసు. అక్టోబర్ 5 లోపు అయిపోతే మంచిది.


పాలమూరు_పిల్లగాడు | చికాగో | సెప్టెంబర్ 21

నా అనుభవం వేరే. మా బాబాయికి ఈ సూది వేయించిన రెండో రోజే జ్వరం, వారం తిరక్కుండానే పెద్ద దగ్గు. లేని జబ్బు కొని తెచ్చుకున్నట్టయింది. ఏటా సూది ఎందుకు? మన పెద్దలు శొంఠి, మిరియాల కషాయంతోనే బతికిన్రు కదా. ఎవరినీ తప్పు పట్టడం లేదు, నిజంగానే అడుగుతున్న.


సీమ_డాక్టర్ | కర్నూలు | సెప్టెంబర్ 21

అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. నేను ఇక్కడ జనరల్ ఫిజీషియన్‌ను, మా క్లినిక్‌లోనూ చాలామంది ఇదే అంటారు.

ఫార్మసీలో వేసే ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు. చంపిన వైరస్ ముక్కలో, దాని ప్రోటీనో ఉంటుంది. దానివల్ల ఫ్లూ రావడం కుదరదు. జబ్బ నొప్పి, కాస్త ఒళ్ళు వెచ్చబడటం, ఒళ్ళు నొప్పులు మాత్రం ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. మీ బాబాయి గారి మొదటి జ్వరం అదై ఉంటుంది. వారానికి వచ్చిన దగ్గుకు కారణాలు వేరే ఉన్నాయి. టీకా ఇంకా పని మొదలుపెట్టక ముందే ఫ్లూ సోకి ఉండొచ్చు, లేదా అది ఫ్లూనే కాకపోవచ్చు. జలుబు, దగ్గు తెప్పించే వైరస్‌లు ఎన్నో. ఈ టీకా ఒక్క ఇన్‌ఫ్లూయెంజాకే.

ఏటా ఎందుకంటే, ఆ వైరస్ మారుతూ ఉంటుంది, మన ఒంట్లో రక్షణా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఉత్తరార్ధగోళం టీకాలో ఏ రకాలు పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబర్‌లో చెబుతుంది. 2020 మార్చి తర్వాత బీ యమగాట అనే ఫ్లూ వైరస్ రకం ఎక్కడా కనబడలేదు. అందుకే అమెరికాలో 2024-25 నుంచి నాలుగు రకాల టీకా పోయి మూడు రకాలదే వస్తోంది.

టీకా వేసుకుంటే ఫ్లూ రానే రాదని నేను చెప్పను. రకాలు బాగా కలిసిన ఏడాది, డాక్టర్ దగ్గరికి పరుగెత్తేంత ఫ్లూ వచ్చే అవకాశం 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. పెద్దవాళ్ళలో అంతకన్నా తక్కువే. హై డోస్ మీద 2014లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మామూలు డోసు వేసుకున్నవాళ్ళతో పోలిస్తే 24 శాతం తక్కువ మందికి ఫ్లూ వచ్చింది. నా లెక్కలో ముఖ్యం ఏమిటంటే, వచ్చినా ఊపిరితిత్తుల దాకా పాకి ఐసీయూలో పడే ప్రమాదం తగ్గుతుంది. 70 ఏళ్ళ షుగర్ మనిషికి అది ప్రాణంతో సమానం.

కషాయం తాగండి. గొంతుకు హాయిగా ఉంటుంది, నేనూ తాగుతాను. అది టీకా పని చేయదు.

ఇంకో మాట కూడా అందరికీ. టీకా వేసుకున్నా సరే, పెద్దవాళ్ళకు ఒక్కసారిగా చలిజ్వరం, విపరీతమైన ఒళ్ళు నొప్పులు, పొడిదగ్గు మొదలైతే "రెండు రోజులు చూద్దాం" అనుకోవద్దు. ఫ్లూ వైరస్‌ను అణిచే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లో వేస్తే బాగా పనిచేస్తుంది. డోలో వేసి ఇంట్లో కూర్చోబెడితే ఆ సమయం దాటిపోతుంది.


పాలమూరు_పిల్లగాడు | చికాగో | సెప్టెంబర్ 21

డాక్టర్ గారూ, ఇప్పుడు అర్థమైంది. బాబాయికి ఈ పోస్ట్ చదివి వినిపిస్త.


రెండో_పాప_అమ్మ | సియాటిల్ | సెప్టెంబర్ 22

నాకు ఆరో నెల. ఫార్మసీలో నేనే వెళ్ళి వేయించుకోవచ్చా, గైనకాలజిస్ట్ దగ్గరే వేయించుకోవాలా? మూడేళ్ళ పాప కూడా ఉంది.


భీమవరం_ఫార్మసిస్టు | ఎడిసన్ | సెప్టెంబర్ 22

మీరు ఫార్మసీలోనే వేయించుకోవచ్చమ్మా. ఏ నెలలోనైనా ఇంజెక్షన్ వేస్తారు. ముక్కులో కొట్టే ఫ్లూమిస్ట్ మాత్రం గర్భిణులు వాడకూడదు, అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. ఆ ఆరు నెలలూ బిడ్డకు రక్షణ మీ ఒంట్లోంచి వెళ్ళేదే. కాబట్టి వాయిదా వేయకండి.

పాపను పిల్లల డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళమంటాను. చిన్నపిల్లలకు వేసే విషయంలో ఒక్కో ఫార్మసీకి ఒక్కో నిబంధన ఉంది. పైగా తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు మొదటిసారి వేస్తుంటే కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ఆ లెక్క డాక్టర్ దగ్గర ఉంటే మరిచిపోరు.


విశాఖ_తీరం | లెస్టర్, ఇంగ్లండ్ | సెప్టెంబర్ 23

ఇక్కడ 65 దాటినవాళ్ళకు, గర్భిణులకు, కొన్ని దీర్ఘకాలిక జబ్బులు ఉన్నవాళ్ళకు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఉచితంగా వేస్తుంది, వీధి చివర ఫార్మసీలో కూడా. పెద్దవాళ్ళకు అక్టోబర్ 1 నుంచి మొదలు. నాకు ఏ జబ్బూ లేదు కాబట్టి డబ్బు కట్టి వేయించుకుంటాను, 20 పౌండ్ల పైచిలుకు.


గచ్చిబౌలి_కుర్రాడు | హైదరాబాద్ | సెప్టెంబర్ 24

మీ చర్చ చదివి మా ఇంటి కింద మెడికల్ షాపులో అడిగాను. "రెండు వేలు ఇవ్వండి, ఫ్రిజ్‌లో ఉంది, కుర్రాడితో ఇప్పుడే వేయించేస్తా" అన్నాడు. వేయించుకోవచ్చా?


సీమ_డాక్టర్ | కర్నూలు | సెప్టెంబర్ 24

వద్దు. అమెరికాలో ఫార్మసిస్టుకు టీకా వేయడానికి శిక్షణ ఇస్తారు, చట్టం అనుమతి ఇస్తుంది, అలర్జీ వస్తే వాడటానికి ఎపినెఫ్రిన్ పక్కనే ఉంటుంది. మన మెడికల్ షాపులో ఆ ఏర్పాటు లేదు. అక్కడ అమ్మకం వరకే.

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. కూల్‌డ్రింకుల మధ్య పెట్టి, తలుపు అస్తమానం తీస్తూ మూస్తూ, కరెంటు పోయినప్పుడు ఎవరూ పట్టించుకోని ఫ్రిజ్‌లోది పనిచేస్తుందో లేదో కంటికి కనబడదు. పిల్లల డాక్టర్ దగ్గరికో, మీ ఫిజీషియన్ దగ్గరికో వెళ్ళండి. చాలా క్లినిక్‌లలో వాళ్ళే తెప్పించి పెడతారు. సిరంజి తెరిచేముందు పెట్టె మీద గడువు తేదీ, ఏ సీజన్ టీకానో చూపించమని అడగండి. అడిగితే ఏ డాక్టరూ ఏమీ అనుకోడు.

మన దగ్గర ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు, అందుకే జనానికి దీని ఊసే లేదు. కానీ 2009 మేలో దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది మీ హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. 2015 మొదట్లో గాంధీ ఆసుపత్రిలో వార్డుల పరిస్థితి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ స్వైన్‌ఫ్లూ వైరసే, అంటే హెచ్1ఎన్1 రకమే, ఇప్పుడు ఏటా తిరిగే మామూలు ఫ్లూలో ఒకటైపోయింది. మనకు సీజన్ రెండుసార్లు: వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. అందుకే వానలకు ముందే, మే నెలలో వేయించుకోవడం మంచిది. ఈ ఏడాది తప్పిపోయినా ఇప్పుడు వేయించుకుంటే జనవరికి పనికొస్తుంది.


తెనాలి_కోడలు | షార్లట్ | సెప్టెంబర్ 25

డాక్టర్ గారూ, మా మామయ్య గారు జూన్‌లో విజయవాడలో వేయించుకుని వచ్చారు. ఇక్కడ మళ్ళీ వేయించాలా? "ఒకే ఏడాది రెండుసార్లా, అక్కర్లేదమ్మా" అంటున్నారు.


సీమ_డాక్టర్ | కర్నూలు | సెప్టెంబర్ 25

వేయించండి. జూన్‌లో వేసింది చాలావరకు దక్షిణార్ధగోళం సీజన్ టీకా అయి ఉంటుంది, అక్కడ ఇప్పుడు వేసేది ఉత్తరార్ధగోళం సీజన్‌ది. రెండింటి మధ్య నాలుగు వారాలు దాటితే చాలు. చలికాలం అక్కడే ఉంటారు కాబట్టి అక్కడి టీకా ఉండాలి. విజయవాడ క్లినిక్ ఇచ్చిన చీటీ ఉంటే ఫార్మసిస్టుకు చూపించండి.


మెల్‌బోర్న్_మావయ్య | ఆస్ట్రేలియా | సెప్టెంబర్ 26

మాకు అంతా తలకిందులు. ఫ్లూ సీజన్ జూన్ నుంచి సెప్టెంబర్, టీకా ఏప్రిల్‌లో మొదలు. 65 దాటిన మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డువాళ్ళకు ఫార్మసీలోనూ ఉచితం. మేలో అమ్మానాన్నలను ఇక్కడికి పిలిపించుకునేవాళ్ళు, విమానం ఎక్కడానికి రెండు వారాల ముందే ఊళ్ళో వేయించి పంపమని చెప్పండి. దిగిన రోజు నుంచే చలి.


కోనసీమ_డాలస్ | ప్లానో | అక్టోబర్ 1

పని పూర్తయింది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట ఫోన్ చేసిన చోట హై డోస్ అయిపోయిందన్నారు. రెండో చోట ఫ్లూయాడ్ ఉందన్నారు, రేటు కూడా ఫోన్‌లోనే చెప్పారు. అమ్మ మధ్యాహ్నం భోజనం చేశాక బయల్దేరాం. ఫారంలో ప్రశ్నలన్నీ తెలుగులో అడుగుతుంటే, నాకు ఇప్పటిదాకా తెలియని సంగతి ఒకటి బయటపడింది. నాన్నకు చిన్నప్పుడు పెన్సిలిన్ సూదికి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయట. ఫార్మసిస్టు అమ్మాయికి చెప్పాను. ఈ టీకాకు దానితో సంబంధం లేదు కానీ రికార్డులో రాసుకోవడం మంచిదని ఎక్కించుకుంది. ఇంట్లో మందుల చీటీ మీద నేనూ రాసి పెట్టాను.

నాన్న జబ్బ మీద దూది పెట్టి, గడియారం చూస్తూ రెండు నిమిషాలు తనే అదిమి పట్టుకుంది. కొంచెం కూడా కమలలేదు. అమ్మ తెర చాటున వేయించుకుంది, వదులు చేతుల డ్రెస్ సలహా ఇచ్చిన చెల్లెమ్మకు ప్రత్యేకంగా థాంక్స్.

తర్వాత కుర్చీలో కూర్చుని అమ్మ అడిగిన ప్రశ్నలు: పెరుగన్నం తినొచ్చా, రేపు తలస్నానం చేయొచ్చా, దుర్గమ్మ దగ్గర దీపం పెట్టొచ్చా. ఇంగ్లిష్‌లో అడిగి చెప్పాను. అన్నిటికీ "హాయిగా" అని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. ఆ రాత్రి అమ్మకు జబ్బ కాస్త నొప్పి, నాన్నకు అదీ లేదు.


భీమవరం_ఫార్మసిస్టు | ఎడిసన్ | అక్టోబర్ 1

చాలా సంతోషం. పెన్సిలిన్ సంగతి బయటపడటం టీకాతో సమానమైన లాభం. ఏ టీకా, ఏ తేదీ, లాట్ నంబరు (టీకా తయారైన బ్యాచ్ నంబరు) ఉన్న కాగితం ప్రింట్ ఇమ్మని అడగండి. పాస్‌పోర్ట్‌తో పాటు దాచి, ఊరికి వెళ్ళాక వాళ్ళ డాక్టర్‌కు చూపించండి.


నల్లగొండ_రవి_డెట్రాయిట్ | మిషిగన్ | నవంబర్ 9

ఆలస్యంగా చూశాను. మా అమ్మ నిన్ననే వచ్చింది, 69 ఏళ్ళు. నవంబర్ వచ్చేసింది కదా, ఇప్పుడు వేయిస్తే లాభం ఉందా?


భీమవరం_ఫార్మసిస్టు | ఎడిసన్ | నవంబర్ 9

ఉంది. ఇక్కడ ఫ్లూ ఎక్కువగా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ముదురుతుంది, కొన్నేళ్ళు ఏప్రిల్ దాకా సాగుతుంది. 2024-25 చలికాలం చూశారు కదా, 2017-18 తర్వాత అంత తీవ్రమైన సీజన్ అది. ప్రయాణం బడలిక తీరాక, జ్వరం లేకపోతే, ఈ వారంలోనే తీసుకెళ్ళండి. ఈపాటికి కొన్ని చోట్ల పెద్దవాళ్ళ డోసు నిండుకుంటుంది, ముందు ఫోన్ చేయండి. నవంబర్‌లో మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు వెళ్తే లైన్ కూడా ఉండదు.